గ్యాస్ చలిమంట పెట్టుకునే ముందు ఒక బకెట్ నీళ్లు పోసి చూడండి

మీ ప్రశ్న మొత్తం చదివాను. తిరుచానూరు రోడ్డు వైపు సొంత ఇల్లు, వెనక 20 అడుగులకు 18 అడుగుల ఖాళీ జాగా, పైన మిద్దె. ధనుర్మాసం చలిలో సాయంత్రం పూట అమ్మగారు, పిల్లలు అందరూ చుట్టూ కూర్చునేలా గ్యాస్ ఫైర్ పిట్, అంటే దిమ్మె మధ్యలో గ్యాస్ బర్నర్ పెట్టి వెలిగించే చలిమంట, కావాలన్నారు. అమ్మగారికి పొగ పడదు కాబట్టి కట్టెల మంట వద్దన్నారు. ఆన్‌లైన్లో 60 వేల బీటీయూ (గంటకు ఎంత వేడి ఇస్తుందో చెప్పే కొలత) బర్నర్ ఒకటి చూసి పెట్టుకున్నారు. దాన్ని పెరట్లో సంపు పక్క మూలలో మేస్త్రీతో కట్టించాలా, మిద్దె మీద పెట్టాలా, వంటింటి సిలిండర్ సరిపోతుందా అన్నది మీ సందేహం.

నేను 22 ఏళ్లుగా తిరుపతి, చిత్తూరు, మదనపల్లె చుట్టుపక్కల హోటళ్లకు, కల్యాణ మండపాలకు గ్యాస్ పైపులైన్లు వేస్తున్నాను. ఇళ్లలో, ఫామ్‌హౌస్‌లలో ఫైర్ పిట్లు అడగడం ఈ ఏడెనిమిదేళ్లలోనే ఎక్కువైంది. అడిగేవాళ్లు బర్నర్ దగ్గర మొదలుపెడతారు, నేను జాగా దగ్గర మొదలుపెడతాను. మీకు కూడా ముందు జాగా సంగతే చెబుతాను. సంపు పక్క మూల అసలు వద్దు. మిద్దె మీద కూడా మీరు చెప్పినట్టుగా వద్దు.

ఎందుకంటే ఎల్‌పీజీ గాలి కంటే బరువైనది. మన సిలిండర్లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన గ్యాస్. ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు బరువు. లీకైతే పొగలా పైకి పోదు. నేల మీదికి దిగి, పల్లం వెతుక్కుంటూ పారి, గుంట దొరికితే అక్కడ నిలబడిపోతుంది. గాలి వీస్తే చెదిరిపోతుంది గానీ, గాలి ఆడని సాయంత్రం దాని నడక అచ్చం నీళ్ల నడకే. అందుకే కొత్త జాగాకి వెళ్తే నేను మొదట అడిగేది ఒక బకెట్ నీళ్లు. ఫైర్ పిట్ రావాల్సిన చోట పోసి, అవి ఎటు పోతాయో చూస్తాను. మీ పెరట్లో ఆ మూలన పోస్తే నీళ్లు ఎక్కడికి పోతాయి? సంపు మూత చుట్టూ చేరతాయి. మూత కింద సందు ఉంటుంది, లోపల మోటారు స్విచ్ వైరు ఉంటుంది. గ్యాస్ ఆ సందులోంచి దిగి సంపులో చేరితే, తెల్లవారి మోటారు వేసినప్పుడు పుట్టే ఒక్క నిప్పురవ్వ చాలు. బోరు గుంట, డ్రైనేజీ చాంబర్, మెట్ల కింద గది, ఇవన్నీ అలాంటి చోట్లే.

మిద్దె సంగతి చూద్దాం. మన వైపు మిద్దెలకు నాలుగువైపులా మూడడుగుల పిట్టగోడ గట్టిగా కట్టేస్తారు. అంటే అది ఒక పెద్ద తొట్టి. నీళ్లు పోవడానికి మూలల్లో గొట్టాలు ఉంటాయి, వాన నీళ్లు ఇంకుడు గుంతలోకో సంపులోకో పోయేలా ఆ గొట్టాలనే కలుపుతున్నారు ఈమధ్య. గ్యాస్‌కు కూడా అదే దారి. పిట్టగోడ స్థానంలో ఒకవైపైనా కమ్మీల రెయిలింగ్ ఉండి, అది నేల దాకా తెరిచి ఉంటే మిద్దె మీద పెట్టొచ్చు. మీరు పంపిన కొలతల్లో నాలుగు పక్కలా గోడే ఉంది. పైగా ఎండాకాలానికి కట్టిన గ్రీన్ నెట్ ఇంకా తీయలేదని రాశారు. ఆ ప్లాస్టిక్ నెట్ అంటుకుంటే కరిగి చుక్కలు చుక్కలుగా మీద పడుతుంది. కాబట్టి పెరడే మేలు, అది కూడా మూలలో కాకుండా మధ్యలో.

దీని గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట చంద్రగిరి దగ్గర ఒక తోటలో మేస్త్రీ ముందే చక్కటి గుండ్రటి దిమ్మె కట్టి పెట్టాడు. లోపల ఇటుక, బయట గ్రానైట్, సందు లేకుండా సిమెంటు పూత. చూడ్డానికి బావి వరలా ముచ్చటగా ఉంది. నేను బర్నర్ పెట్టి, లైను కలిపి, వెలిగించి చూపించి వచ్చేశాను. దిమ్మెకు గాలి సందులు లేవన్న సంగతి ఆ రోజు నేను పట్టించుకోలేదు. రెండో వారంలో ఒక రాత్రి ఎవరో గ్యాస్ వాల్వ్ తిప్పే కీని పూర్తిగా మూయలేదు. మంట గాలికి ఆరిపోయింది, గ్యాస్ మాత్రం సన్నగా వస్తూనే ఉంది. పొద్దున తోట చూసుకునే అతను చూసి కీ మూశాడు. వాసన పోయిందనుకుని సాయంత్రం మళ్లీ వెలిగించబోయాడు. దిమ్మె కడుపులో నిలిచిన గ్యాస్ ఒక్కసారిగా అంటుకుంది. ఇద్దరు ఎత్తాల్సిన గ్రానైట్ అంచు రాయి జానెడు పక్కకు జరిగి విరిగింది. ఆయన కుడిచేతి మీద వెంట్రుకలు, కనుబొమలు కాలాయి, చేయి బొబ్బలెక్కింది. కళ్లకు ఏమీ కాలేదు. నేను వెళ్లేసరికి ఆయన అరుగు మీద చేతికి తడిగుడ్డ చుట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆ చేయి నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంటుంది. ఆ రోజు నుంచి సందులు వదలని దిమ్మెకు నేను గ్యాస్ కలపలేదు, ఇక ముందు కలపను.

సందు పెట్టడం పెద్ద ఖర్చు కాదు. దిమ్మె అడుగున, నేలకు ఆనుకుని, ఎదురెదురుగా రెండు చోట్ల ఒక్కో ఇటుక పెట్టకుండా వదిలేయమనండి. మన ఇటుక నిలువు ముఖం 9 అంగుళాలకు 3 అంగుళాలు, అంటే 27 చదరపు అంగుళాల సందు. ఒక్కో వైపు కనీసం 18 ఉండాలని బర్నర్ తయారుచేసేవాళ్లు చెబుతారు, కాబట్టి ఇది చాలు. రెండు సందులూ ఎదురెదురుగానే ఉండాలి, ఒకే వైపు రెండు పెడితే గాలి ఆడదు. లోపలి నేల కూడా సందుల వైపు కాస్త వాలుగా ఉండాలి. ఎలుకలు దూరకుండా జాలీ కొట్టించండి. దోమల జాలీ మాత్రం వద్దు, నెల రోజుల్లో దుమ్ముతో మూసుకుపోతుంది. వేలు పట్టనంత కన్నాలున్న గట్టి ఇనుప జాలీ అయితే బాగుంటుంది. మేస్త్రీకి ఇది నోటితో చెప్పి వదిలేయకండి, కట్టే రోజు దగ్గరుండండి. అందం చెడిపోతుందని సందులు పూసేసిన మేస్త్రీలను ఇద్దరిని చూశాను.

పెరట్లో చోటు ఎలా చూసుకోవాలంటే, ఇంటి గోడకు, కాంపౌండ్ గోడకు సమానంగా దూరం వచ్చేలా మధ్యలో. మీ 18 అడుగుల వైపు మూడడుగుల దిమ్మె పెడితే అటూ ఇటూ ఏడున్నర అడుగులు మిగులుతుంది. ఇంటివైపు కిటికీ ఉంటే దిమ్మెను ఇంకాస్త కాంపౌండ్ వైపు జరిపి, ఇంటికి 9, 10 అడుగులు వదలండి. పైన మామిడి కొమ్మ గానీ, మల్లె పందిరి గానీ, బట్టలారేసే తాడు గానీ ఉండకూడదు. కొబ్బరాకుల పందిరి కింద గ్యాస్ మంట పెట్టుకుంటామని అడిగేవాళ్లు కూడా ఉన్నారు, దయచేసి ఆ ఆలోచనే చేయకండి. కొండ కింద ఉండే మనకు ఎండుటాకు ఎంత ప్రమాదమో తెలుసు. 2014 మార్చిలో తిరుమల దగ్గర శేషాచలం అడవి అంటుకుంటే ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. మార్చి నుంచి వాన పడేదాకా ఫైర్ పిట్ వెలిగించకుండా ఉండటమే మంచిది, అప్పుడు చలి ఎలాగూ ఉండదు.

ఇప్పుడు బర్నర్. మీరు చూసిన 60 వేల బీటీయూ మీకు ఎక్కువ. మదనపల్లె అవతల హార్స్లీ హిల్స్ మీదైతే, 4 వేల అడుగుల ఎత్తున గాలి కోసేస్తుంటుంది, అక్కడ అది కావాలి. తిరుపతిలో డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఒక శాలువా సరిపోయే చలి. 60 వేల బీటీయూ అంటే గంటకు కిలోంబావు పైనే గ్యాస్. 19 కిలోల సిలిండర్ 14, 15 గంటల్లో అయిపోతుంది. 40 వేలదైతే గంటకు కిలో లోపే, అదే సిలిండర్ 21, 22 గంటలు వస్తుంది. 40 వేలంటే కూడా తక్కువేమీ కాదు, మీ వంటింటి పెద్ద బర్నర్లు ఐదు ఒకేసారి వెలిగించినంత. ఆరుబయట మంట వేడిలో ఎక్కువ భాగం పైకే పోతుంది. బర్నర్ పెద్దది చేసినా ఆ పైకి పోయేదే ఎక్కువగా పెరుగుతుంది. అమ్మగారికి వెచ్చగా ఉండాలంటే కూర్చునే ఎత్తు తగ్గించండి, దిమ్మె 16, 18 అంగుళాలకు మించకుండా కట్టండి. మంట మోకాళ్ల ఎత్తులో ఉంటే వేడి మనిషికి తగులుతుంది.

ఆర్డర్ పెట్టేముందు అమ్మేవాడిని మూడు అడగండి. అది ఎల్‌పీజీ బర్నరా, పైపు గ్యాస్ బర్నరా? పైపు గ్యాస్ అంటే మీథేన్, గాలి కంటే తేలిక, దాని జెట్ కన్నం, అంటే గ్యాస్ బయటికి వచ్చే రంధ్రం, పెద్దది. దాన్ని సిలిండర్‌కు కలిపితే అవసరానికి రెండు రెట్లు పైగా వేడి తోసుకొచ్చి, మంట నిలువెత్తు లేస్తుంది, మసి పడుతుంది. రెండోది, బర్నర్ ముందు గాలి కలిపే మిక్సర్ ఉందా? ఎల్‌పీజీకి అది లేకపోతే రాళ్లన్నీ నల్లబడతాయి, మీరు వద్దనుకున్న పొగే వస్తుంది. మూడోది చాలా ముఖ్యం, మంట ఆరిపోతే గ్యాస్ దానంతటదే ఆగే సేఫ్టీ వాల్వ్ ఉందా? మంటలో థర్మోకపుల్ అనే చిన్న పుల్ల ఉంటుంది, అది చల్లబడితే వాల్వ్ మూసుకుంటుంది. వెలిగించేటప్పుడు అరనిమిషం దాకా నాబ్ నొక్కి పట్టుకోవాల్సి వస్తుంది, అది చూసి పాడైందనుకుని తీయించేవాళ్లు ఉన్నారు. చంద్రగిరి తోటలో అది ఉండి ఉంటే ఆ మనిషికి ఆ గాయం అయ్యేది కాదు. కీతో తిప్పే వాల్వ్ ఒక్కటే ఉన్న చవక సెట్ ఎంత తక్కువకు వచ్చినా తీసుకోకండి. స్టీలు 304 గ్రేడ్ అడగండి, మనకు సముద్రగాలి లేదు కాబట్టి అది చాలు.

అమెరికా రకం ఫైర్ టేబుళ్లు కూడా దొరుకుతున్నాయి, వాటి కింద సిలిండర్ పెట్టే అలమర ఉంటుంది. అది వాళ్ల 9 కిలోల పొట్టి సిలిండర్ కోసం. మన 19 కిలోలది అందులో నిలబడదు. పడుకోబెట్టి పెట్టినవాళ్లను చూశాను. సిలిండర్ పడుకుంటే గ్యాస్ బదులు ద్రవం పైపులోకి వస్తుంది, మంట అదుపు తప్పుతుంది. వాటితో వచ్చే రెగ్యులేటర్ మరలు కూడా మన వాల్వ్‌కి కూర్చోవు, ఎవరో ఒక అడాప్టర్ చేయించి ఇస్తారు. ఆ పని నేను ఒప్పుకోను.

సిలిండర్ ప్రశ్నకు వద్దాం. వంటింటి 14.2 కిలోల ఎర్ర సిలిండర్ వంటకే, వేరే పనికి వాడటం నేరం. ఏజెన్సీలో అడిగి 19 కిలోల కమర్షియల్ కనెక్షన్ తీసుకోండి. ఇంట్లో మొత్తం ఎల్‌పీజీ 100 కిలోలు దాటనంతవరకు నిల్వకు విడిగా లైసెన్సు అక్కర్లేదు. ఆధార్ చూపిస్తే దొరికే 5 కిలోల సిలిండర్ చిన్న టేబుల్ మంటకు సరిపోతుంది గానీ ఈ బర్నర్‌కు చాలదు. అంత గ్యాస్ ఒకేసారి లాగితే సిలిండర్ చల్లబడి, బయట చెమట పట్టి, తర్వాత మంచు పేరుకుంటుంది, మంట కుంగిపోతుంది. అప్పుడు కొందరు సిలిండర్ మీద వేడినీళ్లు పోస్తారు, అది ఎప్పుడూ చేయకండి.

రెగ్యులేటర్ దగ్గర మనవాళ్లు చేసే పొరపాటు ఇంకొకటి. పెళ్లి వంటల పొయ్యికి పెట్టే హై ప్రెజర్ రెగ్యులేటర్ తెచ్చి ఫైర్ పిట్‌కు బిగిస్తారు, మంట బాగా లేస్తుందని. ఆ పొయ్యి ఆ ఒత్తిడికే తయారైంది. మీ బర్నర్ 30 మిల్లీబార్ అనే తక్కువ ఒత్తిడి దగ్గర పనిచేసేది. ఎక్కువ ఒత్తిడి ఇస్తే మంట బర్నర్‌ను వదిలి పైకి లేచి ఆరిపోతుంది, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటుంది. ఒత్తిడి తక్కువగా ఉంటూ గ్యాస్ ఎక్కువగా ఇచ్చే రెగ్యులేటర్ కావాలి. బర్నర్ మీద రాసిన కిలోలు లేదా కిలోవాట్లు చూపించి దానికి తగ్గది అడగండి. వంటింటి రెగ్యులేటర్ వంటింటికే.

సిలిండర్‌ను మంటకు పది అడుగులకు తక్కువ కాకుండా, నీడలో, గాలి ఆడే చోట, నిలబెట్టి, గొలుసు వేసి ఉంచండి. అక్కడ కూడా బకెట్ నీళ్ల పరీక్ష చేయండి. అక్కడి నుంచి దిమ్మె దాకా రబ్బరు గొట్టం నేల మీద పరచొద్దు, మట్టిలో అసలు పూడ్చొద్దు. నారింజ రంగు సురక్షా హోస్ సిలిండర్ దగ్గర మీటరున్నర లోపు మాత్రమే, దాన్నీ ఐదేళ్లకోసారి మార్చాలి. మిగతాదంతా గ్యాస్‌కు వాడే సి క్లాస్ (మందం ఎక్కువ ఉండే) ఇనుప పైపు గానీ, రాగి పైపు గానీ. మీ వైపు ఎలుకలు, అలిపిరి వైపైతే కోతులు, రెండూ రబ్బరును బతకనివ్వవు. పైపు దిమ్మెలోకి వెళ్లేముందు, మంట పక్కన నిలబడకుండా అందేలా, ఒక బాల్ వాల్వ్ పెట్టించండి. పిల్లలకు కాదు గానీ ఇంట్లో పెద్దవాళ్లందరికీ అది ఎక్కడుందో, ఎటు తిప్పితే మూసుకుంటుందో చూపించండి.

పని అయ్యాక పరీక్ష గాలితో చేయాలి. లైనులో పంపుతో గాలి నింపి, గేజ్ పెట్టి, రాత్రంతా వదిలేస్తే పొద్దున ముల్లు అక్కడే ఉండాలి. ఎండకు పైపు వేడెక్కితే ముల్లు కాస్త కదులుతుంది, అందుకే నేను సాయంత్రం నింపి తెల్లవారుజామున చూస్తాను. ఆ తర్వాత గ్యాస్ వదిలి ప్రతి అతుకు మీదా సబ్బు నురగ. బుడగ ఉబ్బితే లీకు. అగ్గిపుల్లతో చూసే మనిషి వస్తే అప్పుడే పంపించేయండి.

దిమ్మె రాయి గురించి. బయట కుప్పం గ్రానైట్ వేసుకోండి, చాలా బాగుంటుంది. కానీ మంట నేరుగా తగిలే లోపలివైపు ఫైర్ బ్రిక్స్ ఉండాలి, గ్రానైట్ వేడికి పగులుతుంది, కడప బండ పొరలుగా లేస్తుంది. బర్నర్ మీద పరిచేందుకు లావా రాళ్లు కొనుక్కోండి. స్వర్ణముఖి గులకరాళ్లు నున్నగా బాగుంటాయని ఒకాయన బస్తా తెచ్చి పోశాడు. ఏటి రాయి లోపల తడి ఉంటుంది, వేడికి ఆవిరై బయటికి దారి లేక రాయి పేలుతుంది. ఆయన ఇంట్లో రెండో రోజే ఒక ముక్క ఎగిరి కుర్చీ వైరుకు తగిలింది. ఇసుక కూడా వద్దు, ఎల్‌పీజీ ఇసుకలో నిలిచి ఒక్కసారిగా అంటుకుంటుంది. లావా రాళ్లయినా బర్నర్ మీద రెండంగుళాలకు మించి పోయకండి.

వాన సంగతి మనవాళ్లు ఎక్కువగా మరిచిపోతారు. చలిమంట కాలం మొదలయ్యేది కార్తీకంలో, ఈశాన్య రుతుపవనాలు మన మీద కురిసేదీ అప్పుడే. 2021 నవంబరు వానలు మీకు గుర్తుండే ఉంటాయి, ఊరంతా మునిగింది. బర్నర్ పళ్లెంలో నీళ్లు నిలిస్తే కన్నాలు మూసుకుపోతాయి, తుప్పు పడుతుంది. పళ్లానికి అడుగున నీళ్లు దిగే కన్నాలు ఉండాలి, పైన స్టీలు మూత ఉండాలి. మూత తీసి మంట వెలిగించాలి గానీ, మూత ఉండగా నాబ్ తిప్పకూడదు. వాన తర్వాత మొదటిసారి చిన్న మంట మీద పావుగంట ఉంచి రాళ్లు ఆరనివ్వండి, అంతవరకు అందరినీ దూరంగా కూర్చోబెట్టండి.

మన ఊళ్లో ఫైర్ పిట్ ఏడాదికి తొమ్మిది నెలలు ఖాళీగా ఉంటుంది. ఆ తొమ్మిది నెలల్లో గాలి కలిసే గొట్టంలో సాలీడు గూడు కడుతుంది, జెట్ పక్కన కందిరీగ మట్టి పెడుతుంది. గాలి దారి మూసుకుని మంట వెనక్కి, గొట్టంలోకి వస్తుంది. కాబట్టి సంక్రాంతి చలి తగ్గగానే సిలిండర్ విప్పి, పైపు మూతి బిగించి, దిమ్మె మీద మూత వేసేయండి. మళ్లీ కార్తీకంలో బర్నర్ విప్పి సన్నటి బ్రష్‌తో గొట్టం తుడిచి, నురగ పరీక్ష చేశాకే వెలిగించండి. గంట పని.

వెలిగించేటప్పుడు, ఆటో ఇగ్నిషన్ లేకపోతే, ముందు పొడవు లైటర్ మంట బర్నర్ దగ్గర పెట్టి ఆ తర్వాతే గ్యాస్ మెల్లగా తెరవండి. నాలుగు సెకన్లలో అంటుకోకపోతే మూసేసి ఐదు నిమిషాలు ఆగండి. అమ్మగారి చీర నూలుదైతే మేలు, పిల్లల నైలాన్ చున్నీలు, జాకెట్లు వద్దు. మంట ఆర్పాక కూడా అంచు అరగంట పైనే కాలుతూ ఉంటుంది. మంటలార్పే డ్రై పౌడర్ సిలిండర్ ఒకటి గోడకు తగిలించి ఉంచండి. గ్యాస్ మంట అదుపు తప్పితే ముందు బాల్ వాల్వ్ మూయాలి, ఆ తర్వాతే పౌడర్. వాసన వస్తే ఏ స్విచ్చూ వేయకుండా, తీయకుండా 1906కి ఫోన్ చేయండి, అది ఎల్‌పీజీ లీకుల కోసమే ఉన్న నంబరు.

మేస్త్రీ వచ్చే రోజుకు ముందు బకెట్ నీళ్లు పోసి, అవి ఎటు పోయాయో ఒక కాగితం మీద గీసి, సంపు, చాంబర్, కిటికీలు అందులో గుర్తుపెట్టి పంపండి. దిమ్మె ఎక్కడ రావాలో, సందులు ఏ రెండు వైపులా వదలాలో, సిలిండర్ ఎక్కడ నిలబెట్టాలో ఆ కాగితం మీదే గుర్తుపెట్టి తిరిగి పంపిస్తాను.